పెద్ద పెట్టె చెయ్యి దాటాక

ప్రశ్న: అక్కా, మాది కావలి. మా పెళ్లయి ఇరవై ఐదేళ్లయిందని బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశాడు. నేను, మావారు, మా అత్తయ్య ముగ్గురం పోతున్నాం. చెన్నైలో విమానం ఎక్కి, సింగపూర్‌లో ఒక రాత్రి ఆగి, మర్నాడు ఓడ ఎక్కాలి. రేవులో పెద్ద పెట్టెలు వాళ్లే తీసుకుంటారంట, చేతిసంచి ఒకటే మన దగ్గర ఉంటుందంట. మావారేమో "అన్నీ పెద్ద పెట్టెల్లో పెట్టెయ్, చేతులూపుకుంటా పోదాం" అంటున్నారు. అత్తయ్యకు డెబ్భై రెండేళ్లు. బీపీ, షుగరు ఉన్నాయి, రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటుంది. పొద్దున్నే దీపం పెట్టందే ఆమెకు కాఫీ గొంతు దిగదు. కందిపొడి, రొయ్యల పచ్చడి లేకుండా ఊరు దాటనంటోంది. చేతిసంచిలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు? మాకు ఓడంటే కృష్ణపట్నం రేవులో దూరాన చూసిందే.
— ఒక చెల్లెలు, కావలి

సమాధానం:

చెల్లెమ్మా, ముందుగా మీ ఇద్దరికీ పెళ్లిరోజు శుభాకాంక్షలు. మరిదిగారి మాట మాత్రం ఈసారికి కాదనాల్సి వస్తోంది. చేతులూపుకుంటా పోతే ఆ సాయంత్రం అత్తయ్య ఇబ్బంది పడుతుంది. ఎందుకో చెప్తాను.

రేవులో టాక్సీ దిగగానే కూలీలు పెద్ద పెట్టెలు అందుకుంటారు. వాటికి మీ గది నంబరున్న చీటీ కడతారు, లేదా మీరే ముందుగా ప్రింటు తీసి అంటించుకుని పోవచ్చు. అక్కణ్ణుంచి ఆ పెట్టె స్కానింగుకు పోయి, వేలకొద్దీ పెట్టెల మధ్య నుంచి వరుసన ఓడెక్కి, మీ గది గుమ్మం ముందుకు చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఒక్కోసారి రాత్రి భోజనాల వేళ కూడా దాటుతుంది. మీరు ఓడెక్కేదేమో మధ్యాహ్నం పన్నెండుకో, ఒంటిగంటకో. గది చేతికి రావడానికి ఇంకో గంట పట్టొచ్చు. అంటే ఆరేడు గంటలసేపు మీ ముగ్గురికీ ఉండేది భుజానున్న సంచే. పెట్టె ఒకసారి కూలీ చేతికి వెళ్లాక, "అయ్యో, ఒక్క నిమిషం, అందులో మాత్రలున్నాయి" అంటే వెతికి ఇచ్చే వీలు వాళ్లకూ ఉండదు.

ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. మొదటిసారి మా అమ్మను ఓడ మీద తీసుకుపోయినప్పుడు, ఆమె బీపీ మాత్రల డబ్బాను చీరల మధ్య భద్రంగా ఉంటుందని పెద్ద పెట్టెలో పెట్టాను. ఆమె సాయంత్రం ఆరింటికి వేసుకోవాలి. ఎనిమిదిన్నరైనా పెట్టె రాలేదు. గది ముందు నడవాలో అటూ ఇటూ అందరి పెట్టెలూ వరుసగా నిలబడి ఉన్నాయి, మాది లేదు. అమ్మ మంచం అంచున కూర్చుని "ఒక పూటకి ఏమీ కాదులేవే" అంటూనే మెడ వెనక రుద్దుకుంటోంది. చివరికి ఓడలోని వైద్యశాలకు తీసుకుపోయాను. మాత్ర ఇచ్చారు. దానికంటే చూసినందుకు వేసిన ఫీజే ఎక్కువ. తొమ్మిదిన్నరకు పెట్టె వచ్చింది. అప్పటినుంచి నాకు ఒకటే కొలత. ఆ పెట్టె అసలు రానే రాదనుకుని, ఒక పగలూ ఒక రాత్రీ గడవడానికి ఏం కావాలో అదంతా చేతిసంచిలో ఉండాలి.

కాబట్టి అత్తయ్య మందుల దగ్గరే మొదలుపెడదాం. ఇక్కడ తొందరపడొద్దు.

ఇన్సులిన్ పెద్ద పెట్టెలో అసలు పెట్టకూడదు. విమానంలో సామాను అరలో చలికి అది గడ్డ కట్టొచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనిచేయదు, పారేయాల్సిందే. చూడ్డానికి మామూలుగానే కనిపించడం అందులో అసలు ప్రమాదం. ఐసు ముక్కలకు నేరుగా ఆనించినా అదే గతి. మందుల షాపుల్లో ఇన్సులిన్ కోసమే చల్లటి పౌచ్‌లు దొరుకుతాయి, ఒకటి కొను. ఐసు ప్యాక్‌కీ ఇన్సులిన్ వేసుకునే పెన్నుకీ మధ్య చిన్న చేతిగుడ్డ చుట్టు. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న పెన్ను ఎండ తగలకుండా ఉంటే మామూలు గదిలో నాలుగు వారాల దాకా ఉంటుంది. చాలా రకాలకు ఇదే లెక్కగానీ, డబ్బాలో ఉండే కాగితం మీద మీ రకానికి ఏముందో ఒకసారి చూడు. మీ ప్రయాణం మొత్తం కలిపినా వారం దాటదు కాబట్టి, వాడుతున్న పెన్ను గురించి మరీ బెంగ అక్కర్లేదు. బెంగంతా కావలి నుంచి చెన్నై దాకా కారులోనే. మన ఎండలు నీకు చెప్పాలా! సూళ్లూరుపేట దాటాక టీకి దిగుతారు, కారు ఎండలో ఉంటుంది, పౌచ్ సీటు మీద ఉంటుంది. అరగంట చాలు. దిగినప్పుడల్లా ఆ సంచి కూడా దిగాల్సిందే.

ఓడ గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుందిగానీ, కొన్ని ఓడల్లో అది సీసాలను కాస్త చల్లబరిచేదే, మన ఇంటి ఫ్రిజ్‌లాంటిది కాదు. గది చూసుకునే మనిషికి "ఇన్సులిన్" అని చెప్పండి. సరైన ఫ్రిజ్ ఏర్పాటు చేస్తారు, లేదా వైద్యశాలలో దాచిపెడతారు. వాడిన సూదులు వేయడానికి గట్టి డబ్బా కూడా అడగండి. చెత్తబుట్టలో వేస్తే దాన్ని ఎత్తే మనిషి చేతికి గుచ్చుకుంటుంది.

పెన్నులూ సూదులూ విమానంలో చేతిసంచిలో తీసుకుపోవచ్చు. కాకపోతే డాక్టరు చీటీ ఉండాలి. మీ డాక్టరుగారిచేత ఇంగ్లీషులో ఒక కాగితం రాయించుకో. అందులో అత్తయ్య పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మందుల కంపెనీ పేర్లే కాకుండా అసలు మందు పేరు, మోతాదు కూడా ఉండాలి. మాత్రలు స్ట్రిప్పులతోనే తీసుకుపో. వారానికి ఏడు గళ్లున్న ప్లాస్టిక్ డబ్బాలోకి విప్పి పోశావంటే ఏది ఏ మాత్రో అక్కడెవరికీ తెలియదు. లెక్క కన్నా మూడు నాలుగు రోజులవి ఎక్కువ పెట్టు. ఇంట్లో ఎవరైనా నిద్రమాత్రలు వాడుతుంటే, లేదా కోడీన్ కలిసిన దగ్గుమందు ఉంటే, సింగపూర్‌లో వాటికి ముందుగా అనుమతి తీసుకోవాల్సి రావచ్చు. డాక్టరుగారితో మాట్లాడి తేల్చుకోకుండా సంచిలో వేయొద్దు.

షుగరు చూసుకునే మిషను, స్ట్రిప్పులు, సూదులు అన్నీ ఒకే జిప్పు సంచిలో ఉండాలి. దాంతోపాటు గ్లూకోజ్ పొట్లం, నాలుగు బిస్కెట్లు. ఇది ఎందుకంటే, ఓడెక్కే రోజు భోజనం వేళ తప్పుతుంది. వరుసలో నిలబడటం, పాస్‌పోర్టు చూపించడం, ఫొటో దిగడం అయ్యేసరికి రెండు దాటొచ్చు. ఇన్సులిన్ వేసుకున్న మనిషికి అంత ఆలస్యమైతే ముచ్చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి. ఆ బిస్కెట్లు నీ సంచిలో కాదు, అత్తయ్య చేతికి అందేచోట ఉండాలి. ఇంకొకటి. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఇన్సులిన్ వేళ ఎలా మార్చుకోవాలో బయలుదేరే ముందే డాక్టరుగారిని అడిగి ఆ కాగితం మీదే రాయించు. మీ ఓడ థాయిలాండ్ వైపు పోతే అక్కడి టైము మళ్లీ ఒక గంట వెనక. ఫోను దానంతటదే రేవు టైముకు మారిపోతుంది, ఓడ మాత్రం తన టైము ప్రకారమే కదులుతుంది. అందుకని పాత చేతిగడియారం ఒకటి పెట్టుకోండి, దాన్ని ఓడ టైముకు తిప్పి ఉంచండి. మావారి పాత గడియారం ఇప్పుడు ఓడ ప్రయాణాలకే బయటికొస్తుంది.

సముద్రం పడుతుందో పడదో అని నువ్వు రాయలేదుగానీ, అడగాల్సిన మాటే. ఇప్పటి పెద్ద ఓడలకు ఊగిసలాట తగ్గించే రెక్కల్లాంటి ఏర్పాటుంటుంది. సింగపూర్ నుంచి ఓడలు పోయే మలక్కా జలసంధి కూడా మామూలుగా నెమ్మదైన నీళ్లే. అయినా బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కితే వాంతి చేసుకునేవాళ్లు మాత్ర దగ్గర ఉంచుకోవాలి. అది కూడా చేతిసంచిలోనే. ఓడ సాయంత్రం నాలుగైదింటికి కదులుతుంది, పెట్టె అప్పటికి రాకపోవచ్చు. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే సగమే పనిచేస్తుంది. మన దగ్గర ఎక్కువగా అమ్మే అవోమిన్ లాంటివి మగత తెస్తాయి. పెద్దవాళ్లు మగతలో బాత్రూము గడప తట్టుకుని పడతారు. ఓడ బాత్రూముకు గడప కాస్త ఎత్తుగానే ఉంటుంది. అత్తయ్యకు మాత్రం డాక్టరు చెప్తేనే ఇవ్వండి. అల్లం మురబ్బా ప్యాకెట్టు ఒకటి పెట్టుకో, కానీ షుగరుందిగా, అది నీకూ మరిదిగారికీ.

ఇక కాగితాలు. పాస్‌పోర్టులు, సింగపూర్ వీసా ప్రింట్లు, విమానం టికెట్లు, ఓడ బోర్డింగ్ పాసులు, ఇన్సూరెన్సు, హోటల్ బుకింగ్. ఇవన్నీ ఫోనులో ఉన్నాయి కదా అనుకోవద్దు. అబ్బాయి వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ అక్కడ నెట్ లేకపోతే తెరుచుకోదు. ముగ్గురివీ ప్రింటు తీసి ఒక ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టు. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల జిరాక్సులు ముగ్గురి సంచుల్లోనూ ఒక్కో సెట్టు ఉండాలి. కొన్ని ఓడల్లో ఎక్కగానే పాస్‌పోర్టులు వాళ్లే తీసుకుని చివరి రోజు ఇస్తారు. అప్పుడు చేతిలో మిగిలేది జిరాక్సే.

రెండు సంగతులు ఇప్పుడే చూసుకో. వీసా మీద ఎన్నిసార్లు ప్రవేశించవచ్చని ఉందో చదువు. ఓడ వేరే దేశపు రేవుకు పోయి తిరిగి సింగపూర్‌కే వస్తుంది కాబట్టి మీరు రెండోసారి అడుగుపెడుతున్నట్టే లెక్క. రెండోది, సింగపూర్ అరైవల్ కార్డు. చేరే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి పైసా కట్టక్కర్లేదు. డబ్బులడిగే సైటు కనిపించిందంటే అది ప్రభుత్వానిది కాదు, మూసెయ్. మలేషియా, థాయిలాండ్ రేవుల్లో దిగాలంటే వాళ్లకూ ఇలాంటి కార్డులున్నాయి. మీ ఓడ కంపెనీ పంపిన మెయిల్లో ఉంటుంది, అబ్బాయిని చదివి చెప్పమను. పనిలో పనిగా ఎక్కే చోటు కూడా చూసుకోండి. సింగపూర్‌లో ఓడలెక్కేది ఒక్కచోటే కాదు, మెరీనా బే వేరు, హార్బర్‌ఫ్రంట్ వేరు. టాక్సీ అతనికి ఉత్త "క్రూయిజ్" అని చెప్తే చాలదు.

ఫోను గురించి ఒక మాట. ఓడ కదలగానే ముగ్గురి ఫోన్లూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. నడిసముద్రంలో ఓడ తన ఉపగ్రహం సిగ్నలు ఇస్తుంది. మన ఫోను దాన్ని పట్టుకుందంటే, ఎవరూ మాట్లాడకపోయినా బిల్లు పడుతుంది. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో పెట్టకూడదు, విమానం వాళ్లు ఒప్పుకోరు. చేతిసంచిలోనే ఉండాలి, 100 వాట్ అవర్ల లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అని రాసుండేది ఇంచుమించు 74 వాట్ అవర్లే, కాబట్టి పర్వాలేదు. విమానంలో దాంతో ఛార్జింగ్ పెట్టనివ్వని కంపెనీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, అక్కడ బయటికి తీయకండి. సింగపూర్ హోటల్లో ప్లగ్గు మూడు చదరపు కాళ్లది. ఓడలో చాలావరకు రెండు చదును కాళ్లదీ, రెండు గుండ్రని కాళ్లదీ ఉంటాయి. మన ఫోను ఛార్జరు ఆ గుండ్రని దాంట్లో పడుతుంది. అన్నిటికీ పనికొచ్చే అడాప్టరు ఒకటి చాలు. నాలుగు ప్లగ్గుల ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం వద్దు, ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ఓడ వాళ్లకు అన్నిటికన్నా భయం నిప్పంటే. ఊళ్లో మంట లేస్తే ఫైరింజను వస్తుంది, నలుగురు బిందెలతో పరిగెత్తుకొస్తారు. సముద్రం మధ్యలో ఎవరూ రారు. అందుకే ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచుకునే కెటిల్, కాయిల్ హీటరు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, కొవ్వొత్తి, అగరుబత్తి, కర్పూరం, అగ్గిపెట్టె, కత్తి, ఏదైనా రేవులో స్కానింగులోనే ఆపుతారు. కొన్ని చీటీ రాసి దాచిపెట్టి దిగేటప్పుడు ఇస్తారు, కొన్ని తిరిగి ఇవ్వరు. మన ఆడవాళ్లు కాఫీ కోసమని చిన్న కెటిల్ పెట్టుకుంటారు. వద్దమ్మా. ఓడలో వేడినీళ్లు ఎప్పుడైనా దొరుకుతాయి. ఫిల్టర్ కాఫీ మానలేకపోతే ఇన్‌స్టంట్ కాఫీపొడి చిన్న ప్యాకెట్లు పది పెట్టుకో.

అత్తయ్య దీపం సంగతి నేను తేలిగ్గా తీసుకోను. యాభై ఏళ్లుగా పొద్దున్నే చేసే పని అది. ఒక్కసారిగా "కుదరదు" అంటే ఆమెకు ప్రయాణమంతా వెలితిగానే ఉంటుంది. ఒత్తి, నూనె, కర్పూరం ఏవీ కుదరవన్నది నిజమే. కానీ బ్యాటరీతో వెలిగే చిన్న దీపాలు వస్తున్నాయి, అగ్గి ఉండదు కాబట్టి చాలా ఓడల్లో వాటికి అడ్డు చెప్పరు. ట్రంకు రోడ్డు మీద ఏ ఫ్యాన్సీ షాపులో అడిగినా ఇస్తారు. దాన్ని, అరచేతిలో పట్టే దేవుడి పటాన్ని, కుంకుమ చిన్న భరిణెను ఆమె సంచిలోనే ఉంచండి. మొదటి పొద్దున లేవగానే గదిలో ఒక మూల పటం పెట్టుకుని ఆ దీపం వెలిగించుకుంటుంది. అయితే ఇది బయలుదేరే రోజు పొద్దున చెప్పే మాట కాదు. ఇప్పుడే, మీ ఇంట్లోనే, ఒక రోజు ఆ దీపంతో చేయించి చూడండి. ఆమె మనసుకు ఏమనిపిస్తుందో అక్కడే తెలిసిపోతుంది.

తిండి విషయంలో మాత్రం నేను ఆమె పక్షాన నిలబడలేను. ఇంట్లో వండినవి ఓడ మీదికి రానివ్వరు. రొయ్యల పచ్చడి వద్దే వద్దు. అది అటు విమానంలో నూనె కారితే బట్టలన్నీ పాడు, ఇటు సింగపూర్‌లో మాంసం, చేపలు, రొయ్యలతో చేసిన వాటికి బోలెడు షరతులు. ఇంటికొచ్చాక కలుపుకు తినొచ్చు. గసగసాలు వేసిన మసాలాపొడి కూడా ఇంట్లోనే వదిలెయ్, అక్కడి చట్టానికి గసగసాలు మత్తుమందుల లెక్కలోకొస్తాయి. చూయింగ్ గమ్, నమిలే పొగాకు, గుట్కా కూడా సింగపూర్‌కు తీసుకుపోకూడదు. మరిదిగారి జేబులు ఒకసారి చూడు. కందిపొడి కావాలంటే కంపెనీ సీలున్న ప్యాకెట్టు కొని పెద్ద పెట్టెలో పెట్టు. ఓడలో అన్నం దొరుకుతుంది, పెరుగు దొరుకుతుంది, సింగపూర్ నుంచి పోయే ఓడల్లో మనవాళ్లు ఎక్కువ కాబట్టి శాకాహారం, పప్పు, రొట్టెలు కూడా ఉంటాయి. చేతిసంచిలో పెట్టాల్సింది షాపులో కొన్న సీలు బిస్కెట్లు, వేయించిన శనగల ప్యాకెట్టు. అంతే.

విమానంలో చేతిసంచి మామూలుగా మనిషికి 7 కిలోలు. ద్రవాలు ఏవైనా 100 మి.లీ. మించని సీసాలో ఉండాలి. ఆ సీసాలన్నీ ఒక లీటరు పట్టే పారదర్శకమైన జిప్పు కవరులో పట్టాలి. సీసా 200 మి.లీ.దైతే అందులో కొబ్బరినూనె అడుగునున్నా ఒప్పుకోరు, సీసా మీదున్న అంకెనే చూస్తారు. కంటి చుక్కలు, ఇన్సులిన్ లాంటి మందులకు చీటీ ఉంటే మినహాయింపు. నగలు ఎన్ని పెట్టుకోవాలంటే, ఒంటి మీద ఉండేవి చాలు. తీసుకుపోవాల్సిందేనంటే చేతిసంచిలోనే, గదిలో చిన్న లాకరుంటుంది.

బట్టల గురించి చాలా చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక జత, లోబట్టలతో సహా. నీకూ అత్తయ్యకూ వెంకటగిరి నూలు చీర మడిచి పెట్టుకోండి, పట్టుచీర బరువులో సగం కూడా ఉండదు, తడిసినా గదిలో ఆరుతుంది. శాలువా తప్పనిసరి. భోజనాల హాల్లో ఏసీ మనవాళ్లకు ఎముకలు కొరుకుతుంది. మరిదిగారికి ఈత మీద సరదా ఉంటే నైలాన్ నిక్కరు కూడా ఆ సంచిలోనే పెట్టు. ఎక్కిన మధ్యాహ్నం జనమంతా భోజనాల దగ్గర ఉంటారు, కొలను ఖాళీగా ఉంటుంది. నూలు బట్టలతో అందులో దిగనివ్వరు. జారని చెప్పులు ముగ్గురికీ ఉండాలి, డెక్కు మీద నీళ్లుంటాయి.

ఎక్కిన రోజే ఓడ కదిలేముందు ప్రమాద జాగ్రత్తల తర్ఫీదు ఉంటుంది, ప్రతి ఒక్కరూ చేయాల్సిందే. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాతికి తగిలి ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కినవాళ్లలో చాలామందికి అప్పటికి తర్ఫీదే ఇవ్వలేదు. అప్పటికి ఉన్న నిబంధన 24 గంటలు గడువిచ్చేది. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధన మార్చారు. 2015 నుంచి ఓడ బయలుదేరకముందే, లేదా బయలుదేరిన వెంటనే అది జరిగి తీరాలి. కాబట్టి ఆ పిలుపు వచ్చినప్పుడు పెట్టె రాలేదనో, అలసిపోయామనో గదిలో కూర్చోవద్దు. మీ గుంపు ఎక్కడ కలవాలో కళ్లారా చూసుకోండి. నిజంగా గంట మోగిన రోజు సంచుల కోసం వెనక్కి పోకూడదు. అందుకే కళ్లజోడు, ఒక పూట మాత్రలు, గది కార్డు మాత్రం ఒంటి మీదే ఉండాలి. అత్తయ్యకు రొండిన దోపుకునే గుడ్డసంచి అలవాటుందేమో కనుక్కో. మా అమ్మకు ఉండేది, వక్కలూ చిల్లరా అందులోనే. ఓడలో ఇచ్చే కార్డే గది తాళం, గుర్తింపు, డబ్బుల సంచి అన్నీ. అది ఆ రొండి సంచిలో పెడితే అంతకన్నా భద్రమైన చోటు లేదు.

ఓడలో కొనుక్కునేవాటికి క్రెడిట్ కార్డు ఆ గది కార్డుకు జతచేస్తారు. విదేశాల్లో పనిచేసేలా మీ బ్యాంకులో ముందే తెరిపించుకోండి. కార్డు లేకపోతే నగదు డిపాజిట్ తీసుకునే ఓడలూ ఉన్నాయి. కొంచెం సింగపూర్ డాలర్లు నగదుగా చేతిలో ఉంచుకోండి.

దిగే రోజు గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకని చెప్తున్నాను. చివరి రాత్రి పెద్ద పెట్టెలు మళ్లీ గది బయట పెట్టమంటారు, అర్ధరాత్రి లోపు తీసుకుపోతారు. మర్నాడు రేవులో దిగాకే మళ్లీ కనిపిస్తాయి. మా ఓడలో పక్క గదిలో ఒక పెద్దాయన ఉండేవారు, ఒంగోలు వైపు ఆయనే. రాత్రి అన్నీ సర్ది పెట్టెలు బయట పెట్టేసి, లుంగీ బనీనుతో పడుకున్నారు. పొద్దున చూస్తే ప్యాంటు లేదు. ఆయన తలుపు సందులోంచి మావారిని పిలిచిన తీరు నాకింకా గుర్తుంది, అంత మర్యాదస్తుడికి ఎంత కష్టమనిపించిందో. మావారి ప్యాంటు ఒకటి ఇచ్చాం, నడుము దగ్గర పిన్నీసు పెట్టుకుని దిగారు. కాబట్టి చివరి సాయంత్రం పెట్టె మూసేముందు మర్నాటి బట్టలు, చెప్పులు, దువ్వెన, పళ్లపొడి, పొద్దుటి ఇన్సులిన్, పాస్‌పోర్టులు మంచం మీద పరిచి పెట్టు. ఆ తర్వాతే జిప్పు లాగు.

సంచులెన్ని అని నువ్వు అడగలేదుగానీ, అదీ చెప్తాను. మనిషికొకటి. అన్నీ నీ భుజానికే తగిలించుకోవద్దు. మన ఇళ్లల్లో అదొక అలవాటు, ఆయన కాగితాలూ, అత్తగారి మందులూ, పిల్లల బిస్కెట్లూ అన్నీ ఇల్లాలి సంచిలోనే. గుంపులో నువ్వు ఒక వరుసలో, అత్తయ్య చక్రాల కుర్చీలో ఇంకో వరుసలో పోతే ఆమె మందులు ఆమె దగ్గర ఉండవు. చక్రాల కుర్చీ అంటే గుర్తొచ్చింది, విమానానికీ రేవుకూ విడివిడిగా ముందే చెప్పాలి. ఒకచోట రాయించుకుంటే రెండోచోట తెలియదు. అత్తయ్య సంచి తేలిగ్గా ఉండాలి, వీపుకు తగిలించుకునేది కాకుండా ఒడిలో పెట్టుకునేది. మందులు, శాలువా, బిస్కెట్లు, దీపం, ఖాళీ నీళ్ల సీసా, లోపల ఒక చీటీ మీద ఓడ పేరు, గది నంబరు, మీ ఇద్దరి ఫోన్లు, అబ్బాయి ఫోను. కాగితాల ఫోల్డరు మరిదిగారికి ఇవ్వు. ఆయన చేతులూపుకుంటా పోవాలన్నారు కదా, ఒక చెయ్యి ఊపుకోవచ్చు. మిగతాది నీది.

బయలుదేరే ముందు ఆదివారం మూడు సంచులూ సర్ది తూకం వేయండి. తర్వాత వాటిని పట్టుకుని కావలి స్టేషను మెట్లవంతెన ఒకసారి ఎక్కి దిగండి. అత్తయ్య సంచి నీ చేతికొచ్చిందనుకో, అందులోంచి ఏదో ఒకటి తీసేయాలి. దీపం మాత్రం తీయకు, అది బరువుండదు.